వైప్ చేశాక ఎస్ఎస్‌డీ నత్తనడక నడుస్తోందా? ముందు యూఎస్‌బీ డబ్బాలోంచి బయటికి తీయండి

పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు డేటా చెరపాల్సిందే. గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కమిషన్ కొట్టు టాలీ లెక్కలైనా, విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్ దగ్గరుండే క్లయింట్ల పాన్ కార్డులైనా డ్రైవ్‌తో పాటు చేతులు మారకూడదు. తప్పు జరిగేది చెరిపే పద్ధతిలో. తిరిగే పళ్లేలుండే హార్డ్ డిస్కుకు వాడిన పద్ధతే, చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీకీ వాడితే డేటా పూర్తిగా పోదు, డ్రైవ్ మాత్రం స్లో అవుతుంది. బ్యాకప్ తీసుకోవడం, స్క్రూలు విప్పడం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం మీకు వచ్చనుకుని రాస్తున్నాను.

సమస్య: డ్రైవ్ మొత్తం సున్నాలతో నింపాక రాత వేగం పడిపోయింది

సెకనుకు 500 ఎంబీ రాసిన సాటా (హార్డ్ డిస్కులకూ వాడే పాత రకం కనెక్షన్) డ్రైవ్, పెద్ద ఫైల్ కాపీ పెట్టిన కాసేపటికే వందలోపుకి దిగిపోతుంది. అడిగితే విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో డ్రైవంతా సున్నాలు రాసే 'క్లీన్ ఆల్' కొట్టామనో, 7 సార్లు ఓవర్‌రైట్ చేసే టూల్ నడిపామనో చెబుతారు.

ఎస్ఎస్‌డీ రాసేది చిన్న పేజీల్లో, చెరిపేది కొన్ని ఎంబీల బ్లాకుల్లో. రాసిన పేజీ మీద మళ్లీ నేరుగా రాయలేదు, బ్లాకు మొత్తం చెరిగితేనే చోటు దొరుకుతుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ అనుకోండి. పుస్తకం పట్టుకుని కూర్చున్న గుమాస్తా లాంటిది లోపలి కంట్రోలర్. మీరు సున్నాలు నింపడమంటే గోడౌన్ నిండా ఊక టిక్కీలు (బస్తాలు) పేర్చడమే. అవి ఊక అని గుమాస్తాకు తెలియదు. పుస్తకంలో సరుకని రాసుంది కాబట్టి ప్రతి టిక్కీనీ కాపాడతాడు. కొత్త లోడు వచ్చిందంటే ఉన్నవాటిని అటూ ఇటూ మోయించి చోటు చేయాల్సిందే. వేగం పోయేది ఆ మోతలోనే.

పోనీ డేటా అయినా పూర్తిగా పోయిందా? అదీ లేదు. చాలా 240 జీబీ డ్రైవుల్లో చిప్‌లు కలిపి చూస్తే దాదాపు 275 జీబీ ఉంటుంది. మిగతా చోటు స్పేర్ బ్లాకులకు, డ్రైవ్ సొంత పనులకు పోతుంది. పాత పేజీలు అందులో మిగిలి ఉండొచ్చు, మీ ఓవర్‌రైట్ టూల్‌కి ఆ చోటు కనపడదు. 35 సార్లు రాసే పద్ధతి 1996 నాటి హార్డ్ డిస్కుల కోసం పుట్టింది. 240 జీబీ డ్రైవ్ మీద అది నడిపితే 8.4 టీబీ రాత. 80 టీబీడబ్ల్యూ (మొత్తం 80 టీబీ రాతకు కంపెనీ హామీ) రేటింగ్ ఉన్న డ్రైవ్‌కి పదో వంతు ఆయుష్షు ఒక్క వైప్‌తోనే ఖర్చు.

పరిష్కారం: నింపకండి, ఖాళీ చేయమని కంట్రోలర్‌కే చెప్పండి. డ్రైవ్ మీ దగ్గరే ఉంటుందా, ట్రిమ్ (ఫలానా చోట్లలోని డేటా ఇక అక్కర్లేదని డ్రైవ్‌కి చెప్పే కమాండ్) చాలు: విండోస్‌లో క్విక్ ఫార్మాట్, లినక్స్‌లో బీఎల్‌కే‌డిస్కార్డ్. అమ్మేస్తున్నారా, ట్రిమ్‌ని నమ్ముకోవద్దు. సాటా అయితే సెక్యూర్ ఎరేజ్, ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన కొత్త రకం) అయితే ఫార్మాట్ కమాండ్ లేదా శానిటైజ్: మొత్తం చెరపమని డ్రైవ్‌కే ఇచ్చే ఆదేశాలివి.

సమస్య: ట్రిమ్ కొట్టినా మార్పు లేదు, సెక్యూర్ ఎరేజ్ ఎర్రర్ ఇస్తోంది

డ్రైవ్ ఎలా కనెక్ట్ అయి ఉందో చూశారా? పదిమందిలో తొమ్మిదిమంది చూడరు. ల్యాప్‌టాప్‌లోంచి తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజరులో పెట్టి, అక్కడి నుంచి వైప్ చేస్తారు. ఫైళ్లు కాపీ అవుతున్నాయి కదా, అన్నీ అవుతాయనుకుంటారు.

ఆ డబ్బాలో ఒక బ్రిడ్జ్ చిప్ ఉంటుంది. చదవడం, రాయడం వరకు బాగానే దాటిస్తుంది. ట్రిమ్ మాత్రం చాలా చిప్‌లు దాటించవు. గేటు దగ్గర వాచ్‌మన్ లారీలను లోపలికి వదులుతున్నాడు, 'గోడౌన్ ఖాళీ చేయండి' అన్న కబురు మాత్రం గుమాస్తాకు చేరవేయడం లేదు. యూఏఎస్‌పీ (వేగమైన యూఎస్‌బీ పద్ధతి) అని అట్ట మీద ఉంటే సరిపోతుందనుకోవద్దు, ట్రిమ్ దాటించడం వేరే సంగతి.

అసలు మోసం ఇక్కడుంది. విండోస్‌లో ఎఫ్ఎస్‌యుటిల్‌తో 'డిసేబుల్ డిలీట్ నోటిఫై' విలువ చూస్తారు. 0 వస్తుంది, ట్రిమ్ ఆన్‌లో ఉందని నిశ్చింతగా ఉంటారు. విండోస్ ట్రిమ్ పంపడానికి సిద్ధంగా ఉందని మాత్రమే ఆ 0కి అర్థం. డ్రైవ్‌కి చేరిందని కాదు. చేరుతోందో లేదో తెలియాలంటే పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి ఆప్టిమైజ్ వాల్యూమ్ కమాండ్‌ని రీట్రిమ్, వెర్బోస్ ఆప్షన్లతో ఆ డ్రైవ్ లెటర్ మీద నడపండి. హార్డ్‌వేర్ సపోర్ట్ చేయదని ఎర్రర్ వచ్చిందంటే దారిలోనే ఆగిపోతోంది. లినక్స్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే‌ని డిస్కార్డ్ ఆప్షన్‌తో అడగండి. డిస్క్ గ్రాన్, డిస్క్ మ్యాక్స్ కాలమ్‌లు రెండూ సున్నా చూపిస్తే అదే జబ్బు. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ని డబ్బాలో పెడితే పేరే చెప్పేస్తుంది: ఎన్‌వీఎంఈ అని కాకుండా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాగా వస్తుంది. అప్పుడు ఎన్‌వీఎంఈ ఫార్మాట్ కమాండ్‌ ఎన్నిసార్లు కొట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సెక్యూర్ ఎరేజ్ దగ్గర ఇంకా ప్రమాదం. అది రెండు మెట్ల పని: ముందు పాస్‌వర్డ్ పెట్టాలి, తర్వాత ఆ పాస్‌వర్డ్‌తో ఎరేజ్ చేయాలి. బ్రిడ్జ్ చిప్ మొదటిది దాటించి రెండో దానిలో చేతులెత్తేస్తే డ్రైవ్ పాస్‌వర్డ్‌తో లాకైపోయి మిగులుతుంది. యూఎస్‌బీ మీద సెక్యూర్ ఎరేజ్ అసలు మొదలుపెట్టకండి.

డ్రైవ్ బయటికి తీయండి. 2.5 అంగుళాలదైతే డెస్క్‌టాప్‌లో సాటా డేటా కేబుల్, పవర్ కేబుల్ తగిలించి బయాస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో సాటాకి ఏహెచ్‌సీఐ మోడ్ ఉందో చూడండి. ఎం.2 (చిన్న పట్టీలాంటి డ్రైవ్) అయితే మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టండి. కొన్ని స్లాట్‌లు ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి, సాటా ఎం.2 అక్కడ కనపడదు. మిగతా డ్రైవులన్నీ పీకేయండి. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, స్టిక్కర్ మీది సీరియల్ నంబరు, స్క్రీన్ మీది నంబరు పక్కపక్కన పెట్టి చదవండి. ఒక్క అక్షరం తేడాతో వేరే డ్రైవ్ చెరిగితే తిరిగి రాదు.

సాటాకి హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ టూల్: యూజర్ పాస్‌వర్డ్ చిన్నది ఒకటి పెట్టి కాగితం మీద రాసుకోండి, ఖాళీగా వదలొద్దు. తర్వాత అదే పాస్‌వర్డ్‌తో సెక్యూరిటీ ఎరేజ్. మామూలుగా కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలు. పని పూర్తయితే పాస్‌వర్డ్ దానంతట అదే పోతుంది. ఎన్‌వీఎంఈకి ఫార్మాట్ కమాండ్‌లో ఎస్ఈఎస్ విలువ 1 ఇస్తే యూజర్ డేటా ఎరేజ్, 2 ఇస్తే క్రిప్టో ఎరేజ్ (డేటాకు వేసిన ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని చెరపడం). ఇవేవీ వద్దనుకుంటే, చాలా బిజినెస్ ల్యాప్‌టాప్‌ల బయాస్‌లోనే సెక్యూర్ ఎరేజ్ మెనూ ఉంటుంది. అదే అన్నిటికన్నా సుఖం.

సమస్య: నేరుగా తగిలించినా 'ఫ్రోజెన్' అంటోంది

డ్రైవ్ చెడిపోలేదు. వైరస్‌లు పాస్‌వర్డ్ పెట్టకుండా బయాస్ బూట్ అయ్యేటప్పుడే సెక్యూరిటీ కమాండ్లను మూసేస్తుంది. సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టి పది సెకన్లాగి లేపండి, చాలావాటిలో 'నాట్ ఫ్రోజెన్' అయిపోతుంది. కాకపోతే డెస్క్‌టాప్ ఆన్‌లో ఉండగానే ఆ సాటా డ్రైవ్ పవర్ కేబుల్ ఒక్కటే తీసి పది సెకన్ల తర్వాత పెట్టండి. ఎం.2 డ్రైవ్‌ని మాత్రం కరెంటు ఉండగా ముట్టుకోవద్దు.

సమస్య: మధ్యలో కరెంటు పోయింది, డ్రైవ్ లాక్ అయింది

మే నెల కోతల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకుంటే ఇదే జరుగుతుంది. కాగితం మీది పాస్‌వర్డ్‌తోనే ఎరేజ్ మళ్లీ మొదటి నుంచి నడపండి. శానిటైజ్ అయితే కరెంటు రాగానే డ్రైవ్ తానే కొనసాగిస్తుంది, అయ్యేదాకా వదిలేయండి.

అరుదైనవి

వేడికి ఎన్‌వీఎంఈ స్లో అవుతుంది, ఫ్యాను గాలి తగలనిచ్చి మళ్లీ చూడండి. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే రకం) డ్రైవ్ క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండగానే మందగించడం దాని స్వభావం, ఎరేజ్‌తో మారదు. ఎరేజ్ తర్వాత కూడా స్మార్ట్ (డ్రైవ్ సొంత ఆరోగ్య రిపోర్టు)లో రీఎలొకేటెడ్ (పాడై పక్కన పెట్టిన చోట్ల) సంఖ్య పెరుగుతుంటే ఆ డ్రైవ్‌ని ఎవరికీ అమ్మకండి.

వేగం తిరిగి వచ్చిందో చూడటానికి పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేయకండి, అప్పుడు కొలిచేది పెన్‌డ్రైవ్‌నే. ఇంకో ఎస్ఎస్‌డీ నుంచి 20 జీబీ ఫైల్ ఒకటి కాపీ పెట్టి మొదటి నిమిషం కాదు, చివరి నిమిషం వేగం రాసుకోండి.