బోదకాలికి ఇంటి సేవ – 3వ పాఠం: వేళ్ళ సందుల్లో తడి

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. పొద్దున్నే మంచం దిగకముందు టేపుతో చీలమండ దగ్గర, పిక్క దగ్గర కొలిచి నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. రాసినవాళ్ళు ఆ పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం కొలిచినవాళ్ళు మాత్రం ఆ అంకెలు కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టండి. రోజంతా నిలబడ్డ కాలు సాయంత్రానికి ఎలాగూ లావెక్కుతుంది. ఆ తేడా చూసి అనవసరంగా టెన్షన్ పడతారు.

ఇవాళ నేర్చుకునేది కాలు కడగడం. రోజూ కడుక్కునేదే కదా, ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపించవచ్చు. నేను కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ చాలా ఏళ్ళు నర్సుగా ఊళ్ళు తిరిగాను. బోదకాలు ఉన్నవాళ్ళ ఇంట్లో సబ్బు లేకపోవడం నేను చూడలేదు. వేళ్ళ సందులు పొడిగా ఉన్న కాలు మాత్రం అరుదుగా చూశాను. ఈ పాఠం చాలావరకు ఆ సందు గురించే.

జ్వరం ఏ దారిన వస్తుంది

మొదటి పాఠంలో చెప్పుకున్నదే, రెండు ముక్కల్లో. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఫైలేరియా పురుగు పిల్లల్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేరవేస్తుంది. ఎదిగిన పురుగులు లింఫ్ నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని లాగేసే సన్నని గొట్టాల్లో, కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి, ఆ నాళాలను పాడుచేస్తాయి. మన చేలతో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కాలవ నీరు చేలోకి వస్తూనే ఉంటుంది. డ్రెయినేమో గుర్రపుడెక్క పట్టి పూడిపోయింది. నీరు లాగదు, చేను ముంపులో ఉంటుంది. బోదకాలు అలా ముంపులో ఉన్న చేను.

ముంపు చేనుకి తెగులు తొందరగా పట్టినట్టే ఆ కాలికి సూక్ష్మక్రిములు తొందరగా పడతాయి. చర్మం మీద ఎక్కడో చిన్న చీలిక ఉంటుంది. అందులోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. మామూలు కాలయితే లింఫ్ దాన్ని ఊడ్చేస్తుంది. ఈ కాలికి ఆ శక్తి లేదు. అందుకే చలిజ్వరం, కాలంతా ఎర్రగా మంట, గజ్జల్లో బిళ్ళ. జ్వరం తగ్గాక వాపు కొంత తీస్తుంది గానీ పూర్తిగా తీయదు. ప్రతి జ్వరానికీ చర్మం కాస్త మందమవుతుంది, కాలు కాస్త పెరుగుతుంది.

కాలు పెరగడానికి పురుగొక్కటే కారణమని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో గెరూజా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆమె తోటి పరిశోధకులు 1990ల్లో రోగుల పాదాలను ఓపిగ్గా పరీక్షించారు. ఈ జ్వరాల్లో ఎక్కువ భాగం బాక్టీరియా వల్ల వస్తున్నాయనీ, అది దూరే దారి చాలామందిలో కాలివేళ్ళ సందుల్లోనే ఉందనీ చూపించారు. తర్వాత చాలా దేశాల్లో చేసిన అధ్యయనాల్లో రోజూ కాలు కడిగి, పొడిగా ఉంచుకున్నవాళ్ళకి జ్వరాలు బాగా తగ్గాయి. ఈమధ్య మన దేశంలో, శ్రీలంకలో, ఆఫ్రికాలోని మాలి దేశంలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రతో ఒక పరీక్ష చేశారు. మాత్ర వేసుకున్నవాళ్ళూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళూ ఇద్దరూ కాలు శుభ్రం చేసుకున్నారు. ఇద్దరికీ జ్వరాలు తగ్గాయి, మాత్ర వల్ల అదనంగా ఒరిగింది కనిపించలేదు. ఒక నర్సుగా నాకు దీనికంటే సంతోషం కలిగించే ఫలితం లేదు. మందుల షాపులో దొరకని వైద్యం మన నూతి దగ్గరే ఉందన్నమాట.

ఒక కాలు, ఒక టార్చిలైటు

రాజోలు వైపు ఒక లంక ఊరు. అక్కడ ఒక పిన్నిగారికి ఎడమ కాలు బోద. ఏటా ఊడ్పులకీ, కలుపులకీ వెళ్ళే మనిషి. "అమావాస్యకి జ్వరం వచ్చేస్తుందండీ, ఏం చేసినా ఆగదు" అన్నారు. అంతకుముందు ఒక పెద్దాసుపత్రికి వెళ్తే, దీనికింక చేసేదేమీ లేదని పంపేశారట. ఆ మాట ఆమె మనసులో బాగా నాటుకుపోయింది.

పీట మీద కూచోబెట్టి, పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. పైకి శుభ్రంగానే ఉంది, సబ్బు వాసన కూడా వస్తోంది. చిటికెన వేలినీ పక్క వేలినీ మెల్లగా విడదీసి సెల్‌ఫోను లైటు వేశాను. లోపల నానబెట్టిన బియ్యంలా తెల్లగా పాసిపోయి ఉంది. ఇంకాస్త విడదీస్తే అడుగున గోరంత చీలిక, ఎర్రగా. నొప్పి లేదు, అందుకే ఆమెకి తెలియదు. వాపు వల్ల వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఆ సందుకి గాలి తగలదు.

"ఇక్కడ తుడుచుకుంటారా పిన్నిగారూ?" అన్నాను.

"అక్కడికి చెయ్యి వెళ్ళదమ్మా. నీళ్ళు పోసుకుంటాను, అదే ఆరిపోతుంది కదా."

అది ఆరదు. అదే ఆమెకి పదేళ్ళుగా జ్వరాలు తెచ్చిన దారి. తర్వాత క్యాలెండర్లో జ్వరం వచ్చిన రోజులు గుర్తుపెట్టించాను. ఆ ఏడాది వచ్చినవి మూడు. అమావాస్యతో ఒక్కటీ కలవలేదు, మూడూ నాలుగైదు రోజులు వరసగా నీళ్ళ చేలో దిగాక వచ్చినవే. ఆ కాగితం చూసుకున్నాక ఆమె అమావాస్య మాట ఎత్తలేదు.

కడిగే పద్ధతి

కావలసినవి: ఎత్తైన పీట లేదా కుర్చీ, బకెట్టు నీళ్ళు, చెంబు, మామూలు ఒంటిసబ్బు, మెత్తని తువ్వాలు, పాత నేతచీర చింపిన పీలికలు కొన్ని. పీలిక మీ చిటికెన వేలంత వెడల్పు ఉంటే చాలు. వాటిని ఉతికి ఎండలో ఆరేసి విడిగా డబ్బాలో పెట్టుకోండి. ఈ పీలికలే ఇవాళ్టి పాఠంలో ముఖ్యమైన పనిముట్టు.

ముందు చేతులు కడుక్కోండి. నీళ్ళు పోయకముందే కాలు మొత్తం చూడండి: ప్రతి సందూ, ప్రతి మడతా, గోళ్ళ అంచులూ, మడమ పగుళ్ళూ, అరికాలూ. తడిశాక పాసిన చోటు సరిగా కనిపించదు. అరికాలు కనిపించనివాళ్ళు కింద అద్దం పెట్టుకోవచ్చు.

నీళ్ళు చల్లగానో, గదిలో ఉన్నంత వేడితోనో ఉండాలి. వేణ్ణీళ్ళు వద్దు. మన ఇళ్ళలో కాలు బరువెక్కితే ఉప్పేసిన వేణ్ణీళ్ళ కాపడం పెట్టడం అలవాటు. బోదకాలికి అది చెరుపు చేస్తుంది. షుగరు ఉన్నవాళ్ళకి కాలు స్పర్శ మొద్దుబారి ఉండొచ్చు, అప్పుడు కాలినా తెలియదు.

వాపు ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి సబ్బు రుద్దుకుంటూ కిందికి రండి. మోకాలి దాకా వాపు ఉంటే మోకాలి నుంచి పాదానికి. నురగ చేతిలో చేసుకుని చేత్తోనే రాయండి. బ్రష్షు, పీచు, రాయి ఏవీ వద్దు. మడతల్లోకీ, వేళ్ళ సందుల్లోకీ సబ్బు తడిపిన పీలికను మెల్లగా దూర్చి అటూ ఇటూ లాగండి. గట్టిగా గీకితే కొత్త చీలిక మీరే చేసినవాళ్ళవుతారు. తర్వాత మంచి నీళ్ళు పోస్తూ, కింద పడే నీరు తేటగా వచ్చేదాకా కడగండి. సబ్బు మిగిలితే చర్మం ఎండి పగులుతుంది. రెండో కాలు బాగానే ఉన్నా దాన్నీ ఇలాగే కడగండి.

డెట్టాల్ లాంటి మందును నీళ్ళు కలపకుండా పోసేవాళ్ళున్నారు. ఘాటుగా ఉంటేనే క్రిమి చస్తుందని నమ్మకం. ఆ ఘాటుకి చర్మం పొట్టు లేచిపోతుంది. సబ్బు చాలు.

తుడిచే పద్ధతి

తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. పైభాగం ఒక నిమిషంలో అయిపోతుంది. అసలు పని ఇప్పుడు మొదలు. పొడి పీలికను ఒక సందులో దారం ఎక్కించినట్టు దూర్చి, రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా లాగండి. బయటికి వచ్చిన పీలికను వేళ్ళతో పట్టుకుని చూడండి. చెమ్మ ఉందా? ఇంకో పీలిక తీసుకోండి. మూడోది పొడిగా వచ్చిందంటే ఆ సందు అయింది, పక్క సందుకి వెళ్ళండి. నాలుగు సందులకీ, మడతలకీ కలిపి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. చివర్లో వేళ్ళు విడదీసి కాసేపు ఫ్యాను గాలికి పెట్టండి. పౌడరు దట్టించకండి, చెమటకి ముద్దకట్టి సందులోనే నిలుస్తుంది.

వంగలేనివాళ్ళకి ఇంట్లో ఎవరో ఒకరు ఈ పని చేయాలి. ఆ పిన్నిగారికి బాబాయిగారు చేసేవారు. మొదటి రోజు ఆమె కాలు వెనక్కి లాక్కున్నారు, "మీరు నా కాలు పట్టుకోవడమేంటండీ" అని. ఆయన ఏమీ అనలేదు, పీలిక తీసుకుని కూచున్నారు. పది రోజులయ్యేసరికి నాకంటే ఆయనే బాగా చేస్తున్నారు. ఇంట్లో మగవాళ్ళు ఈ పాఠం చదువుతుంటే దయచేసి ఈ పని నేర్చుకోండి. సిగ్గుతో కాలు దాచుకునే ఆడవాళ్ళు ఈ డెల్టాలో ఇంకా చాలామంది ఉన్నారు.

రోజుకి రెండుసార్లు కుదిరితే మంచిది. ఒక్కసారే కుదిరితే రాత్రి పడుకోబోయే ముందు చేయండి. ఊడ్పుల రోజుల్లో చేలో దిగొద్దని నేను చెప్పలేను, కూలి పోతే ఇల్లు గడవదు. గట్టెక్కి ఇంటికి రాగానే, టీ తాగకముందే కాలు కడిగి ఆరబెట్టుకోండి. బురద కాలితో రాత్రిదాకా ఉండిపోవడమే ప్రమాదం.

సందు తెల్లగా పాసి, దురదగా ఉంటే అది ఎక్కువగా ఫంగస్. పీహెచ్‌సీలో చూపించుకుంటే క్లోట్రిమజోల్ లాంటి పూత ఇస్తారు. పొడి చేశాక పల్చగా రాయాలి. మెడికల్ షాపులో దురద క్రీమ్ అని అడిగి తెచ్చుకోవద్దు. అలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసోల్ అన్న పేర్లుంటే పక్కన పెట్టేయండి. రెండు రోజులు దురద ఆగుతుంది, కింద ఫంగస్ పెరుగుతుంది. పసుపు, సున్నం, ఆకు పసర్లు కూడా ఆ చీలికలో పెట్టొద్దు.

జ్వరం వచ్చిన రోజు

వణుకు, కాలు ఎర్రబడి ముట్టుకుంటే వేడి, గజ్జల్లో నొప్పి. ఆ రోజు పనికి వెళ్ళొద్దు, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టి పడుకోండి. చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి కాలు మీద వేసి, వేడెక్కగానే మారుస్తూ ఉండండి. బాగా నీళ్ళు తాగించండి. జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు, యాంటీబయాటిక్ మాత్రం డాక్టరు చూసి రాయాలి, ఆ రోజే చూపించుకోండి. కాపడం, మర్దన, బిగువు కట్టు, వ్యాయామం ఏవీ వద్దు. బొబ్బలు లేస్తే చిదమకండి. కడగడం మానొద్దు, నొప్పి కలగకుండా తేలిగ్గా కడిగి అద్దండి.

మనిషి అయోమయంగా మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా, చీము కారినా, మందులు మొదలుపెట్టి ఒక రోజైనా జ్వరం దిగకపోయినా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంకొకటి. ఇదివరకు వాపు లేని కాలు ఒక్కసారిగా వాచి పిక్క నొప్పి పెట్టినా, రెండు పాదాలూ వాచి ఆయాసం వచ్చినా దాన్ని బోద అనుకోవద్దు. రక్తం గడ్డ, గుండె, కిడ్నీ జబ్బులకూ కాళ్ళు వాస్తాయి. వెంటనే డాక్టరుకి చూపించండి.

మాత్రల గురించి అడిగినవాళ్ళకి

"ఆశా అమ్మాయి తెచ్చే ఫైలేరియా మాత్ర, డీఈసీ, మింగితే నా కాలు తగ్గుతుందా" అని చాలామంది అడుగుతారు. తగ్గదు. అది రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపి, ఇంకొకరికి అంటకుండా ఆపడానికి. మన రాజమండ్రిలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖలో ఫైలేరియా పని ఏళ్ళ తరబడి నడిచింది. రాత్రిపూట ఇళ్ళకి వచ్చి రక్తం తీసేవాళ్ళు గుర్తున్నారా? ఆ పిల్ల పురుగులు రాత్రివేళే రక్తంలోకి వస్తాయి, అందుకే ఆ వేళ. ఏ జబ్బూ కనిపించనివాళ్ళ రక్తంలో కూడా అవి ఉండొచ్చు కాబట్టి ఇంట్లో అందరూ, ఆశా కార్యకర్త ఎదురుగా, ఏదైనా తిన్నాక మింగాలి. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకీ ఇవ్వరు. కాలు జ్వరంలో ఉన్నవాళ్ళు ఆ రోజు మింగకుండా, తగ్గాక అడిగి వేసుకోవాలి.

ఈ నెల పని

గోడ క్యాలెండర్లో రెండు గుర్తులు పెట్టండి. కాలు కడిగి, సందులు పొడి చేసిన రోజుకి నీలం గీత. జ్వరం వచ్చిన రోజుకి ఎర్ర సున్నా, పక్కన ముందు మూడు రోజులూ ఏం పని చేశారో ఒక్క మాట: ఊడ్పు, పెళ్ళి, ప్రయాణం, ముల్లు. నీలం గీత వేసేముందు ఆఖరి పీలిక పట్టుకుని చూడండి. చెమ్మగా ఉంటే గీత వేయొద్దు.

నాలుగో పాఠం మంచం ఎత్తు, మడమల వ్యాయామం, చెప్పుల గురించి. దానికి రెండు ఇటుకలు కావాలి, ఎక్కడైనా దొరికితే తెచ్చి కడిగి పెట్టుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఈలోగా మీ డాక్టరుని "రాత్రి కాళ్ళవైపు మంచం ఎత్తు చేయవచ్చా" అని అడిగి రండి.