గుండమ్మ కథ చూడమని ఎవరికి ఎట్లా చెప్పాలి

హన్మకొండలో నాది చిన్న మ్యాచింగ్ సెంటర్. ఫాల్స్, లైనింగులు, బ్లౌజ్ ముక్కలు అమ్ముతాను. రంగు కుదిరేదాకా ఆడవాళ్ళు కూర్చుంటారు, కూర్చుంటే ముచ్చట్లు మొదలవుతాయి. "ఐతారం ఇంట్లో అందరం కలిసి చూసేటట్టు ఏదన్నా సినిమా చెప్పక్కా" అంటారు. నేను గుండమ్మ కథ అంటాను. "అబ్బా, బ్లాక్ అండ్ వైటా" అని సగం మంది మొహం చిట్లిస్తారు. అట్లాంటివాళ్ళకు చూపించాలంటే కొంచెం నేర్పు కావాలి.

"ఆ రోజుల్లో సినిమాలంటే సినిమాలు, ఇప్పుడేమున్నాయి" అని మాత్రం మొదలుపెట్టకండి. అవతలి మనిషి అక్కడే జారుకుంటుంది. 1962లో వచ్చింది, ఎన్టీఆర్‌కు నూరో సినిమా అని చెప్పినా అంతే. పెద్దవాళ్ళకు తెలిసిందే, పిల్లలకు అక్కర్లేదు. ఇంట్లో గొడవేమిటో చెప్పండి. సవతి కూతురు లక్ష్మితో ఇంటెడు చాకిరీ చేయించుకుంటూ, సొంత కూతురు సరోజను నెత్తిన పెట్టుకున్న గుండమ్మ. ఆ ఇంటికి పనివాడి వేషంలో వచ్చిన జమీందారు కొడుకు. ఇక్కడ ఆపేయాలి. రెండో కొడుకు ఏం చేశాడు, చివరికి గుండమ్మ నోరు ఎవరు మూయించారు, ఇవి మీరు చెబితే ఇక వాళ్ళు చూసేదేముంది?

మనిషిని బట్టి మాట మార్చాలి. కొత్త కోడలికి లక్ష్మిగా చేసిన సావిత్రి గురించి చెప్తాను. అత్తగారికి మాత్రం గుండమ్మగా చేసిన సూర్యకాంతం పేరెత్తను. కోడలు పక్కనే ఉంటే అసలే వద్దు, షాపులోనే లొల్లి అవుతుంది. ఎస్వీ రంగారావు ఉన్నాడంటే చాలు, ఆమె ఒప్పుకుంటుంది. డిగ్రీ పిల్లలకైతే టైటిల్స్ ముచ్చట పనిచేస్తుంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నారు కదా, ఎవరి పేరు ముందు వేయాలన్న పంచాయితీ లేకుండా పేర్లకు బదులు ఫొటోలు వేశారు. సినిమా పేరేమో ఇద్దరిలో ఎవరిదీ కాదు, గయ్యాళిది.

అప్పటికీ కదలకపోతే ఫోన్ తీసి 'లేచింది నిద్ర లేచింది మహిళాలోకం' పాట పెడతాను. ఎన్టీఆర్ రోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ ఆడవాళ్ళ గొప్పలు పాడుతుంటాడు. పాడింది ఘంటసాల ఒక్కడే, సావిత్రికి ఒక్క లైను కూడా లేదు. అయినా చూపు తిరిగి తిరిగి ఆమె మొహం మీదికే పోతుంది. పాట అయ్యాక "తర్వాత ఏమైతది?" అని అడిగారంటే ఇక మనం చెప్పేదేం లేదు.

మాయాబజార్‌కు 2010లో రంగులేశారు కదా, ఇది కూడా అట్లా దొరకదా అని కొందరు అడుగుతారు. పొద్దున లేస్తే రంగులతోనే బతికేదాన్ని నేనే చెప్తున్నా, పది నిమిషాలు పోతే రంగు సంగతే గుర్తుండదు.

ఒక్క విషయం ముందే చెప్పి పెట్టండి. సరోజ పొగరు దించాలని మొగుడు ఆమెను కావాలని కష్టాలపాలు చేస్తాడు. ఈ కాలం ఆడపిల్లలకు అది మింగుడుపడదు. నాకూ పడదు. చెప్పకుండా చూపిస్తే "ఇదా నీ మంచి సినిమా" అని మన మీదికొస్తారు. చెప్పి చూపిస్తే ఆ భాగం రాగానే ఇంట్లోవాళ్ళు వాదులాడుకుంటారు. ఆడుకోనివ్వండి, సరోజగా జమున ఎట్లా చేసిందో అప్పుడే సరిగ్గా చూస్తారు.

యూట్యూబ్‌లో ఉంటుంది కానీ ఫోన్‌లో కాకుండా టీవీలో పెట్టుకోమనండి. రెండున్నర గంటలు దాటుతుంది, మధ్యాహ్నం తిన్నాక పెడితే సగం మంది గురక పెడతారు. సాయంత్రమైతే బాగుంటుంది. సర్వపిండి గంజుకు ఒత్తి, సన్నమంట మీద పెట్టి వచ్చి కూర్చోవచ్చు. కథలో పడి మాడ్చుకోకుండా ఒకరిని పొయ్యి దగ్గరికి పంపుతుండాలి.

నచ్చిందని మళ్ళీ వస్తే మిస్సమ్మ చెప్పండి, 1955ది. ఆ తర్వాత 1957లో వచ్చిన తోడికోడళ్ళు. రక్తసంబంధం మాత్రం మొదట్లోనే చెప్పకండి. అన్నాచెల్లెళ్ళ కథ, ఏడిపించి వదులుతుంది. రాఖీకి పుట్టింటికి పోవాల్సినవాళ్ళయితే పోయి వచ్చాకే చూడమనండి.