ట్రస్టీ కుర్చీ – 4వ పాఠం: ముడుపు డబ్బు, విడి డబ్బు

ముందు కిందటి పాఠం హోంవర్క్. మీ చారిటీ పాత మినిట్స్‌లోంచి, అంటే మీటింగు నిర్ణయాలు రాసిపెట్టిన కాగితాల్లోంచి, డబ్బుకు సంబంధించిన ఒక తీర్మానం తీసి చదవమన్నాను. చాలామందికి దొరికేది ఇలా ఉంటుంది: "చలికోట్ల కొనుగోలు విషయం చర్చించి అందరూ ఆమోదించారు." ఎంత? ఏ పద్దులోంచి? ఈ రెండూ లేకపోతే రెండేళ్ల తర్వాత ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు, రాసినవాళ్లకి కూడా. "ఎంత" అన్నది ఎలాగో గుర్తొచ్చి రాసేస్తాం. తడబడేది "ఏ పద్దులోంచి" దగ్గరే. ఇవాళ్టి పాఠం ఆ ఒక్క ప్రశ్న గురించే.

కొత్తగా చేరినవాళ్లకి రెండు ముక్కలు. ఇంగ్లండు ఊళ్లలో శరణార్థులకు సాయపడే చిన్న చారిటీల్లో జీతం లేకుండా ట్రస్టీలుగా కూర్చున్న, కూర్చోబోతున్న తెలుగువాళ్ల కోసం ఈ పాఠాలు. మిమ్మల్ని కమిటీ మెంబర్ అన్నా, బోర్డు మెంబర్ అన్నా సరే, నిర్వహణ మీద అధికారం మీ చేతుల్లో ఉంటే 2011 నాటి చారిటీల చట్టం దృష్టిలో మీరు ట్రస్టీలే. శనివారం వచ్చి టీ కలిపే వాలంటీరుకీ మీకూ తేడా అదే. టీ కలపడం మానక్కర్లేదు, నేను ఇప్పటికీ కలుపుతాను. కానీ మీటింగులో చెయ్యెత్తేటప్పుడు మీరు టీ కలిపే మనిషి కారు.

మా చిన్నప్పుడు దేవుడి గూట్లో పసుపు బట్టలో కట్టిన ముడుపు ఒకటి ఉండేది. తిరపతి మొక్కు డబ్బు. నెలాఖరుకి పాలవాడికి బాకీ పడినా, నాన్న జీతం ఆలస్యమైనా, అమ్మ పక్కింట్లో చేబదులు తెచ్చేది గానీ ఆ ముడి మాత్రం విప్పేది కాదు. డబ్బు ఇంట్లోనే ఉంది, కానీ ఇంటి డబ్బు కాదు. చారిటీ లెక్కల్లో "రిస్ట్రిక్టెడ్ ఫండ్" అని కనిపించేది సరిగ్గా ఇదే. ఇచ్చినవాళ్లు ఫలానా పనికని ఇచ్చారు, ఆ పనికే వాడాలి. ఏ షరతూ లేకుండా వచ్చింది "అన్‌రిస్ట్రిక్టెడ్". దాన్ని విడి డబ్బు అందాం. చారిటీ ఆశయాలకు లోబడి దేనికైనా వాడొచ్చు.

రెండిటి మధ్యలో "డెజిగ్నేటెడ్" అని ఒక పద్దు తగులుతుంది. పేరు చూసి కంగారు పడకండి. అది పోపుల డబ్బాలో దాచిన డబ్బు లాంటిది. దాచిందీ మనమే, కావాలంటే తీసేదీ మనమే. కొత్త లాప్‌టాప్‌ల కోసం ట్రస్టీలు 2,500 పక్కన పెడితే, రేపు మరో తీర్మానం చేసి దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. దాత కట్టిన ముడిని మాత్రం మనంతట మనం విప్పలేం.

ముడుపు పడేది గ్రాంటు ఉత్తరంతో మాత్రమే అనుకుంటారు. కాదు. "పిల్లల స్కూలు యూనిఫారాలకు సాయం చేయండి" అని చర్చి గుమ్మం దగ్గర పోస్టరు అంటించి డబ్బాలో చిల్లర పోగుచేసినా, అది యూనిఫారాల ముడుపే. ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు, పోస్టరు మీద మాటే షరతు. అందుకే పోస్టరు వేసేటప్పుడే కింద ఒక లైను కలపండి: "అవసరానికి మించి వస్తే మా ఇతర పనులకు వాడతాం." ఈ ఒక్క లైను ఎన్ని తలనొప్పులు తప్పిస్తుందో ట్రెజరర్లని అడిగితే చెబుతారు.

ఇక కాగితం, పెన్ను తీసుకోండి. ఇది లెక్క నేర్చుకోవడానికి నేను అల్లిన చారిటీ. మార్చి 31న ట్రెజరర్ మీ ముందు పెట్టిన కాగితంలో ఇలా ఉంది, అన్నీ పౌండ్లలో:

బ్యాంకు నిల్వ: 38,400
ఇంగ్లీషు తరగతుల గ్రాంటులో మిగిలింది: 14,000
ఉక్రెయిన్ కుటుంబాల కార్యక్రమానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చినదాంట్లో మిగిలింది: 6,500
యూనిఫారాల చందా: 2,150
ఇంకా కట్టని హాలు అద్దె, జీతం మీద పన్ను, పెన్షన్: 1,250
లాప్‌టాప్‌లకని పక్కన పెట్టింది: 2,500
నెలనెలా తప్పని ఖర్చు: 4,000

కిందికి చదవకుండా ముందు మీరే చెప్పండి: ఈ చారిటీ దగ్గర డబ్బుందా, లేదా?

మొదట ముడుపులు తీసేయాలి. 14,000, 6,500, 2,150 కలిపితే 22,650. మిగిలింది 15,750. అందులో కట్టాల్సిన బిల్లులు 1,250 పోతే 14,500. లాప్‌టాప్‌ల డబ్బు 2,500 పక్కన పెడితే 12,000. పార్ట్ టైమ్ కోఆర్డినేటర్ జీతం, అద్దె, ఇన్సూరెన్సు, ఫోను కలిపి నెల ఖర్చు 4,000 కాబట్టి, చేతిలో ఉన్నది సరిగ్గా మూడు నెలల తిండి. ఈ విడి నిల్వనే "రిజర్వులు" అంటారు. ఎంత ఉంచుకోవాలన్నది చారిటీలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ అంకె వేసి చెప్పదు. ట్రస్టీలే ఆలోచించి నిర్ణయించుకుని, ఆ కారణాన్ని వార్షిక నివేదికలో రాయాలి. మన చారిటీ పాలసీలో "మూడు నెలలు" అని ఉందనుకోండి. అంటే 38,400 ఉన్న చారిటీ దగ్గర కొత్త పనికి ఖర్చు పెట్టగల డబ్బు: సున్నా.

ఈ సున్నా కనిపించని ట్రస్టీ "అంత డబ్బు పెట్టుకుని మనుషుల్ని ఉత్త చేతులతో పంపిస్తారా?" అని ఆవేశపడతాడు. నేనూ పడ్డాను.

నేను చేరిన రెండో ఏడు, అక్టోబరు. మా ఊరి చివర హోటల్లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లని దించారు. యార్క్‌షైర్ చలి సంగతి మీకు తెలుసు. సగం మంది కాళ్లకి రబ్బరు చెప్పులే. ఆ వారం మీటింగులో ఎవరో "ఇంగ్లీషు క్లాసుల గ్రాంటులో బోలెడు ఉంది కదా" అన్నారు. బూట్లకీ కోట్లకీ 1,800 పౌండ్లు అక్కడ్నుంచి తీద్దామన్నప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. మా ట్రెజరర్ రిటైరైన టీచరమ్మ. ఆవిడ ఒక్కరే "ఇచ్చినవాళ్లని అడిగామా?" అన్నారు. మేం వినలేదు. బూట్లు కొన్నాం, ఫోటోలు దిగాం, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాం.

ఏడాది చివర గ్రాంటు నివేదిక రాసేటప్పుడు ఆ 1,800 ఎక్కడ చూపించాలో తెలియలేదు. రెండు వారాలు టెన్షన్. చివరికి ఉన్నదున్నట్టు రాశాం. గ్రాంటు ఇచ్చినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, కానీ తర్వాతి విడతలో ఆ మొత్తం కోసేశారు. దాంతో సాయంత్రం క్లాసు ఒక టర్మ్ పాటు ఆగిపోయింది. ఆ క్లాసుకి వచ్చేవాళ్లు ఎవరనుకున్నారు? మేం బూట్లు ఇచ్చిన వాళ్లే. గేటు దగ్గర ఒకాయన ఆ బూట్లు వేసుకునే నిలబడి, క్లాసు ఎందుకు లేదని నన్నే అడిగాడు.

చట్టం మాటలో మేం చేసింది ట్రస్టు ఉల్లంఘన. ఆ సొమ్ము ట్రస్టీలు సొంత జేబులోంచి పూడ్చాల్సి రావడానికి కూడా చట్టంలో వీలుంది. నిజాయితీగా పొరబడినవాళ్లని అంతదాకా లాగడం అరుదే. ఇంతకీ దారి చాలా తేలిక: ఖర్చు పెట్టకముందే ఇచ్చినవాళ్లకి ఈమెయిల్ రాయడం. "ఊళ్లో హోటల్ తెరిచారు, మీ గ్రాంటులో 1,800 చలి బట్టలకు మార్చుకోవచ్చా?" అని ముందే అడిగితే ఒప్పుకునేవాళ్లు ఎక్కువే. ఖర్చయ్యాక అడిగేది అనుమతి కాదు, క్షమాపణ.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన సంఘాల్లో లెక్క అడగడం అంటే మనిషిని అనుమానించడమే. వినాయక చవితి చందా లెక్క అడిగినవాడు ఆ తర్వాత ఏడాది పందిట్లో కనిపించడు. ఆ అలవాటుతోనే ఇక్కడ ట్రెజరర్ కాగితం చదువుతుంటే తలూపుతూ కూర్చుంటాం. ఇక్కడ తలూపడం మర్యాద కాదు. డబ్బు బాధ్యత ట్రెజరర్ ఒక్కరిదే అనే వెసులుబాటు చట్టంలో లేదు, ట్రస్టీలందరిదీ సమానం. మా టీచరమ్మ తర్వాతెప్పుడో నాతో అన్నారు, ఆ మీటింగులో తనని ఒంటరిని చేశామని.

ఇక అసలు అభ్యాసం. గురువారం రాత్రి పదింటికి కోఆర్డినేటర్ నుంచి ట్రస్టీలందరికీ ఈమెయిల్: "ఒకాయనకి శరణార్థి హోదా వచ్చింది. సోమవారం గది ఖాళీ చేయాలి. అద్దె డిపాజిట్‌కి 600 కావాలి. దయచేసి వెంటనే ఓకే చెప్పండి."

ముందు ఈ అవసరం ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి, ఎందుకంటే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఆశ్రయం కోరినవాళ్ల కేసు తేలేదాకా హోమ్ ఆఫీస్, అంటే ఇక్కడి హోం శాఖ, గది ఇస్తుంది. సొంతంగా వండుకునే చోటైతే వాళ్లకిచ్చే ఆస్పెన్ అనే డబ్బు కార్డులో వారానికి కొంత వేస్తుంది, 2024లో అది మనిషికి 49.18 పౌండ్లు. ఉద్యోగం చేయనివ్వరు. ఏడాది దాటినా కేసు తేలకపోతే అనుమతి అడగొచ్చు, అదీ కొన్ని పనులకే. కాబట్టి చేతిలో పైసా పోగయ్యే దారి లేదు. హోదా వచ్చిన రోజు పండగ. ఆ పండగతోనే గడువు మొదలవుతుంది: 28 రోజుల్లో గదీ పోతుంది, కార్డూ ఆగిపోతుంది. 2024 డిసెంబరులో ప్రయోగంగా దాన్ని 56 రోజులు చేశారు గానీ, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి 2025లో మళ్లీ 28కే తెచ్చారు. ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి యూనివర్సల్ క్రెడిట్. దాని మొదటి చెల్లింపు దరఖాస్తు పెట్టిన దాదాపు ఐదు వారాలకి వస్తుంది. మొదటి రోజే దరఖాస్తు పెట్టినా నాలుగు వారాలకి గది పోయి, ఐదో వారానికి డబ్బు వస్తుంది. ఆ వారం సందులోనే మన చారిటీ ఫోన్లన్నీ మోగుతాయి.

ఇప్పుడు ఆ ఈమెయిల్‌కి జవాబు. "ఓకే" అని రాయకండి, "కుదరదు" అనీ రాయకండి. మొదట, ఈ డబ్బు ఇవ్వాల్సినవాళ్లు వేరే ఉన్నారేమో అడగండి. నిలువ నీడ పోయేవాళ్ల విషయంలో స్థానిక కౌన్సిల్‌కి చట్టబద్ధమైన బాధ్యత ఉంది, ఆయన పేరు వాళ్ల దగ్గర నమోదైందా? యూనివర్సల్ క్రెడిట్‌లో అడ్వాన్సు అడిగారా? శరణార్థులు డిపాజిట్ లాంటి వాటికి వాడుకునేలా ప్రభుత్వం వడ్డీ లేని ఇంటిగ్రేషన్ లోను ఇస్తుంది, దానికి దరఖాస్తు పెట్టారా? సోమవారంలోపు ఇవన్నీ చేతికి రావు, నిజమే. అయినా అడగాలి. ఎందుకంటే మనం ఇచ్చేది 600 దానమా, లోను వచ్చేదాకా చేబదులా అన్నది ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

తర్వాత, ఏ పద్దు? పై లెక్కలో సున్నా అని చూశాం. అయితే రిజర్వులు ముట్టుకోకూడని విగ్రహమేం కాదు. అలాంటి వారం కోసమే అవి ఉన్నాయి. తీయండి, కానీ తీస్తున్నామని తెలిసి తీయండి. రిజర్వు మూడు నెలల కన్నా ఎంత తగ్గుతుందో, ఎప్పటికి పూడుస్తామో ఒక్క లైను రాయండి.

ఆ తర్వాతది కష్టమైన ప్రశ్న: ఇదే నెలలో ఇంకో ఎనిమిది మందికి హోదా వస్తే? మొదటివాడికి 600 ఇచ్చి తొమ్మిదో వాడికి బస్సు పాసు చేతిలో పెడితే అది న్యాయం కాదు, వరస. అందుకే మనిషికి ఎంతవరకు, మీటింగుల మధ్యలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది ముందే ఒక పేజీలో రాసిపెట్టుకోండి. మాది చాలా మామూలుది: 150 దాకా కోఆర్డినేటరే ఇచ్చేయొచ్చు, 600 దాకా చైర్, ట్రెజరర్ ఇద్దరూ కలిసి, పైది ట్రస్టీలందరూ, ప్రతిదీ తర్వాతి మీటింగు మినిట్స్‌లోకి. ఇది వచ్చాక రాత్రి పదింటి ఈమెయిళ్లు తగ్గాయి. అన్నట్టు, ఆ అద్దె గది యజమాని మీ ట్రస్టీల్లో ఒకరి బావమరిది కాదు కదా? నవ్వకండి, చిన్న ఊళ్లలో అవుతుంది. అయితే ఆ ట్రస్టీ ముందే చెప్పి ఈ నిర్ణయంలోంచి తప్పుకోవాలి.

చివర మినిట్ ఇలా ఉండాలి: "అద్దె డిపాజిట్‌కు 600 పౌండ్లు, విడి నిధి లోంచి, తిరిగి చెల్లించే పద్ధతిలో. కౌన్సిల్‌లో నమోదైంది, లోనుకు దరఖాస్తు పెట్టారు. నిర్ణయించింది చైర్, ట్రెజరర్. రిజర్వు 11,400కి తగ్గుతుంది." లబ్ధిదారుడి పేరు రాయకండి, కేసు నంబరు చాలు.

హోంవర్క్. చారిటీ కమిషన్ రిజిస్టర్ అందరికీ తెరిచే ఉంటుంది. ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన ఆదాయం ఉన్న చారిటీల లెక్కలు అందులో చదవొచ్చు. మీ చారిటీవి తీయండి, దొరక్కపోతే పక్క ఊరివి. రిస్ట్రిక్టెడ్, అన్‌రిస్ట్రిక్టెడ్ అంకెలు వేరువేరుగా రాసుకోండి. విడి డబ్బుని నెల ఖర్చుతో భాగించి, ఎన్ని నెలలో చూడండి. ఆ అంకెకీ, నివేదికలో రాసుకున్న రిజర్వుల పాలసీకీ పొంతన కుదరకపోతే వచ్చే మీటింగు ఎజెండాలో పెట్టమని అడగండి.

5వ పాఠంలో డబ్బు పక్కన పెట్టి మాట దగ్గరికి వెళ్దాం. టీ బల్ల దగ్గర ఎవరైనా హోమ్ ఆఫీస్ ఉత్తరం మీ చేతిలో పెట్టి "ఇప్పుడు నేనేం చేయాలి?" అంటే, మీ నోటి నుంచి వచ్చే జవాబు 1999 నాటి వలస, ఆశ్రయాల చట్టం కింద నేరం కావచ్చు, ఉచితంగా చెప్పినా సరే. ఏ మాట దాకా చెప్పొచ్చో, ఎక్కడ ఆగాలో చూద్దాం.