కూత వినిపిస్తోంది కానీ, ‘కానీ’ కనిపించడం లేదు: మెటల్ డిటెక్టర్ సమస్యలు - పరిష్కారాలు

విజయవాడలో నా మరమ్మతు బల్ల మీదికి వచ్చే మెటల్ డిటెక్టర్లలో నిజంగా చెడిపోయినవి తక్కువ. “ఏమీ పట్టడం లేదండీ” అంటూ తెచ్చినవాళ్ల ముందే ఒక రాగి ముక్క పెట్టి కాయిల్ (కడ్డీ కొసన ఉండే గుండ్రటి పళ్లెం) ఊపితే చక్కగా కూస్తాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు నెపం యంత్రం మీదికి నెడతాం గానీ, చిక్కు మట్టిలోనో, నెత్తిమీది కరెంటు తీగల్లోనో, చేతి కడియంలోనో ఉంటుంది. కొన్నిసార్లు మనం నిలబడిన చోటే ఉంటుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

“కాపలాదారు వచ్చి యంత్రం లాక్కున్నాడు”

కారణం: చోటు తప్పు. ఉండవల్లి గుహలు, అమరావతి స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 నాటి చట్టం ప్రకారం రక్షిత స్థలంలో అనుమతి లేకుండా పార వేస్తే నేరం. కొండపల్లి కోట సంగతీ అంతే అనుకుని దూరంగా ఉండండి. “నేను తవ్వడం లేదు, ఊరికే ఊపుతున్నాను” అన్న మాట అక్కడ చెల్లదు. చేతిలో యంత్రం, సంచిలో గునపం ఉన్నవాణ్ని చూసి ఎవరూ చల్లగాలికి వచ్చాడనుకోరు.

పరిష్కారం: సొంత పొలం, లేదా యజమాని కాగితం మీద రాసి ఇచ్చిన పొలం. అక్కడ కూడా పాటిదిబ్బ కనిపిస్తే ఆగిపోవాలి. గుంటూరు వైపు రైతులకు పాటిమన్ను కొత్త కాదు, ఎరువుగా తోలుకునేవారు. పెంకులు, బూడిద, ఇటుక ముక్కలు కలిసిన ఆ మన్ను ఒకప్పటి ఊరు. అమరావతిలో 1790ల్లో జమీందారు మనుషులు కట్టడాల కోసం ఇటుకలు, రాళ్లు తవ్వుకుపోయారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే దిబ్బ చెదిరిపోయి ఉంది. ఆ శిల్పాలు ఇప్పుడు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో మాత్రం పండితులు ఇప్పటికీ ఊహించుకుంటూనే ఉన్నారు. పాటిదిబ్బలోంచి పెకలించిన నాణెం గతీ అదే. అది ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే దానికి కాలం కట్టగలరు.

“ఆపకుండా కూస్తూనే ఉంది”

కాయిల్‌ను నడుము ఎత్తుకు లేపి, కదలకుండా పట్టుకోండి. గాలిలో, కదలిక లేకుండా కూడా కూస్తుంటే అది నేల గోల కాదు, కరెంటు గోల. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి బయలుదేరే హైటెన్షన్ లైన్ల కింద నిలబడితే ఏ యంత్రమైనా కీచురాయిలా అరుస్తుంది. పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా, పక్కనే తిరిగే మరో డిటెక్టర్, అన్నిటికన్నా ముఖ్యంగా చొక్కా జేబులోని ఫోను ఇదే పని చేస్తాయి.

ముందు ఫోను ఆపి గట్టు మీద పెట్టండి. తర్వాత సెన్సిటివిటీని, అంటే యంత్రం ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అమరికను, ఒక్కో మెట్టు దించండి. ఫ్రీక్వెన్సీ మార్చే వీలుంటే మార్చండి. నడిచే దిశ మార్చినా ఒక్కోసారి గోల సగం తగ్గుతుంది. వ్యవసాయ మోటార్లకు కరెంటు లేని వేళ చూసుకుని వెళ్లడం నా అలవాటు. కరెంటు పోతే సంతోషించే మనుషులం మేమొక్కరమే అనుకుంటాను.

గాలిలో మౌనంగా ఉండి, నేలకు దించగానే మొదలుపెడితే కింది భాగం చదవండి.

“నేలకు దించితే చాలు, గుక్క తిప్పుకోదు”

కారణం గ్రౌండ్ బ్యాలెన్స్. నేలలోని ఇనుప ఖనిజాలకు కూడా యంత్రం స్పందిస్తుంది. ఈ నేల ఇలాగే పలుకుతుంది, దీన్ని పట్టించుకోకు అని యంత్రానికి ముందే చెప్పాలి. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నేలకు బెత్తెడు ఎత్తు నుంచి మూరెడు ఎత్తు దాకా పైకీ కిందికీ ఆడిస్తూ, రెండు చోట్లా శబ్దం ఒకేలా వచ్చేదాకా సరిచేయాలి. తనంతట తానే సరిచేసుకునే యంత్రాలకు కూడా ఈ ఆడింపు తప్పదు.

ఇది పొద్దున ఒకసారి చేసి వదిలేసే పని కాదు. తాడికొండ నల్లరేగడిలో కుదిరిన అమరిక కొండ దిగువ ఎర్ర గరప నేలలో కుదరదు. ఒకే చేలో తడి మడి, పొడి గట్టు వేర్వేరుగా పలుకుతాయి. కృష్ణ ఒడ్డు ఇసుక మరీ పెంకి. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో ఒక్క బారెడు ఈడ్చి చూడండి. సంచి అడుగున నల్లటి గడ్డం మొలుస్తుంది. అది ఇనుప ఖనిజపు ఇసుక. ఆ గడ్డం ఎంత గుబురుగా ఉంటే మీ యంత్రానికి అంత కష్టకాలం. అక్కడ సెన్సిటివిటీ పెంచితే లోతు పెరగదు, గోల పెరుగుతుంది. తగ్గించి, కాయిల్‌ను నేలకు రెండంగుళాల ఎత్తున నెమ్మదిగా ఊపాలి. చిన్న కాయిల్ ఉంటే అదే బిగించాలి.

కాల్చిన ఇటుక కూడా ఇలాగే మోసం చేస్తుంది. మట్టిలోని ఇనుము మంటకు అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. కూలిన పాత ఇంటి స్థలంలో తవ్వితే ఇటుక ముక్క తప్ప మరేమీ లేకపోతే యంత్రాన్ని తిట్టకండి.

“రూపాయి బిళ్ల వేస్తే పట్టడం లేదు, ఇక పాతది ఏం పడుతుంది?”

ఈ ఫిర్యాదంటే నాకు ఇష్టం. యంత్రం బాగుంది, రూపాయే మారింది. 1992 నుంచి వచ్చిన చిన్న రూపాయి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుది, అయస్కాంతానికి అంటుకుంటుంది. మీరు ఇనుము వద్దని డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాల కూతను నొక్కేసే అమరిక) పెడితే అది ఈ రూపాయిని కూడా మేకులతో కలిపి పక్కకు నెట్టేస్తుంది. ఘాట్‌ల దగ్గర కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరి, భక్తులు వేసిన నాణేలు లాగేది ఈ గుణం వల్లే. పాత రాగి, వెండి, ఇత్తడి అలా రావు.

కాబట్టి పరీక్షకు సరైన నాణేలు వాడండి. 1906 తర్వాతి కంచు కానీ ఒకటి, పాత అల్యూమినియం పైసా ఒకటి, ఇంట్లో వెండి వస్తువేదైనా ఒకటి. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కానీ దొరికితే అది ఇంకా మంచిది. ఒక్కోదాన్ని కాయిల్ ముందు ఆడించి, లోహాన్ని బట్టి తెర మీద వచ్చిన అంకె పుస్తకంలో రాసుకోండి. యంత్రంతో వచ్చే పట్టికలు మన నాణేల కోసం తయారు చేసినవి కావు.

“తవ్వితే ఎప్పుడూ చెత్తే”

గుంటూరు మిర్చి చేలలో ఈ బాధ ఎక్కువ. పురుగుమందు డబ్బా మూత కింద ఉండే గుండ్రటి అల్యూమినియం సీలును రైతు గోటితో ఊడదీసి అక్కడే పారేస్తాడు. ఏళ్లుగా పేరుకున్న ఆ బిళ్లలు చిన్న నాణెంలాగే కూస్తాయి. మాత్రల రేకులు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం కూడా అంతే.

వెంటనే తోచే పరిష్కారం ఆ అంకెల్ని డిస్క్రిమినేషన్‌తో మూసేయడం. నేను వద్దంటాను. ఈ ప్రాంతపు శాతవాహన నాణేల్లో సీసంవి చాలా ఉన్నాయి, సీసం వెండిలా గట్టిగా పలకదు. చిన్న సీసపు బిళ్ల సరిగ్గా ఆ రేకుల వరుసలోనే కూర్చుంటుంది. రేకును మూసేస్తే సీసాన్నీ మూసేసినట్లే. చెత్తను ఏరి సంచిలో వేసుకుంటూ పోవడమే దారి. రెండో సారి వచ్చినప్పుడు ఆ చేను నిశ్శబ్దంగా ఉంటుంది, రైతు కూడా మళ్లీ రానిస్తాడు.

ఇనుమును గుర్తించడం కాస్త తేలిక. ఒక వైపు ఊపితే కూసి, తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా ఊపితే మాయమైతే అది వంకర మేకు కావచ్చు. నాగలి కర్రు, ఎద్దు నాడా మాత్రం పెద్దవి కనుక ఎటు తిరిగినా మంచి కూతే పెడతాయి. మా మామగారి చేలో పూటంతా తవ్వి, చివరికి బండి చక్రపు ఇనుప పట్టా ముక్క బయటికి తీశాను. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. ఆయన మాత్రం మురిసిపోయారు, అది వాళ్ల నాన్న బండిదట.

“కూసింది, తవ్వాను, ఇప్పుడు కూతే లేదు”

దీనికి కారణాలు చాలా. మొదట చూడాల్సింది గోతిలో కాదు, పక్కన వేసిన పెడ్డల్లో. నల్లరేగడి పెడ్డ నాణేన్ని కడుపులో పెట్టుకుని బయటికి వచ్చేస్తుంది. ఒక్కో పెడ్డనూ కాయిల్ ముందు ఆడించండి. ఆ చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసేయండి, లేదంటే ప్రతి పెడ్డా బంగారమే అనిపిస్తుంది.

పెడ్డల్లోనూ లేకపోతే తుప్పు సంగతి చూడాలి. తుప్పు పట్టిన ఇనుము తన చుట్టూ మట్టిని కూడా ఎర్రగా మార్చుకుంటుంది. తవ్వగానే ఆ పొర చెదిరి కూత తగ్గిపోతుంది. మట్టిలో ఎర్రటి మరక కనిపిస్తే ఇక వెతకనవసరం లేదు.

మూడోది మన నల్లరేగడి ప్రత్యేకత. వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు నాణెం ఆ నెర్రెలోకి జారి అంచు మీద నిలబడిపోతుంది. పడుకున్న నాణెం చూపే ముఖం వేరు, నిలబడిన నాణెం చూపే అంచు వేరు. కూత బలహీనంగా, రెండు ముక్కలుగా వస్తుంది, పిన్‌పాయింట్ చేస్తే, అంటే సరిగ్గా ఎక్కడుందో చూపమంటే, పక్కకు చూపిస్తుంది. అలాంటప్పుడు గోతిని లోతుగా కాకుండా వెడల్పుగా తీయాలి. పార అంచు తగిలి నాణెం గీసుకుపోయాక ఏడ్చినా లాభం లేదు. తొలకరి పడి నేల మెత్తబడ్డాక వెళితే ఈ పని సగం తేలిక. మే నెలలో ఆ నేల మీద గునపం కూడా ఎగిరి పడుతుంది.

“పది అడుగులు చూపిస్తుందన్నారు, జానెడు కూడా చూపడం లేదు”

జానెడు చూపిస్తే మీ యంత్రం బాగున్నట్లే. మామూలు కాయిల్‌తో నాణెమంత వస్తువు ఆరు నుంచి పది అంగుళాల లోతు వరకే అందుతుంది. పెద్ద కాయిల్ వేస్తే బిందెలాంటి పెద్ద వస్తువులకు లోతు పెరుగుతుంది, చిన్న బిళ్లలు తప్పిపోతాయి. ఇక రెండు యాంటెన్నా కడ్డీలు పట్టుకుని నడిస్తే అర కిలోమీటరు దూరంలోని గుప్తనిధిని చూపిస్తుందని అమ్మే సరుకు ఉంది. అది నా బల్ల మీదికీ వచ్చింది. విప్పి చూస్తే బ్యాటరీ, ఒక దీపం, వాటి మధ్య తీగ. దానికి మరమ్మతు లేదు. రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాళ్లకూ వీళ్లకూ చుట్టరికం ఉందని నా అనుమానం.

నిజంగా యంత్రమే చెడితే

నేను చూసే అసలు జబ్బులు నాలుగైదే. కాయిల్ తీగ కడ్డీకి వదులుగా చుట్టి ఉంటే ఊపినప్పుడల్లా కదిలి దొంగ కూత పెడుతుంది, గట్టిగా చుట్టి పట్టీ బిగిస్తే పోతుంది. కాయిల్ అడుగు తొడుగులో చేరిన ఇసుకదీ అదే పాట, తొడుగు ఊడదీసి కడిగి ఆరబెట్టాలి. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము చేరితే ఎలక్ట్రానిక్ క్లీనర్‌తో తుడవాలి. కాయిల్‌ను రాయికేసి కొట్టినట్లు అనిపించి, తట్టినప్పుడల్లా కూస్తుంటే లోపల చుట్టు వదులైంది, అది మార్చాల్సిందే. వేసవిలో మూసిన కారులో వదిలేస్తే తెర నల్లబడిపోతుంది. చాలాసార్లు నీడలో చల్లారాక తిరిగి వస్తుంది.

“దొరికింది, ఇప్పుడేం చేయాలి?”

మొదట చేయకూడనిది: చింతపండు. రాగి చెంబును తోమినట్లు తోమితే పైనున్న గట్టి పచ్చపొర పోతుంది, దానితోపాటే అక్షరాలూ పోతాయి. అలా మెరిసిపోతున్న నాణేన్ని తెచ్చి “దీని మీద ఏముందో చెప్పండి” అని అడుగుతారు. ఇప్పుడు దాని మీద చింతపండు వాసన తప్ప ఏమీ లేదు. దొరికిన చోటే ఫొటో తీసి, లోతు రాసుకుని, మట్టితోనే మెత్తటి కాగితంలో పెట్టండి. రాగి మీద పొడిలా రాలే లేత పచ్చ మచ్చలు కనిపిస్తే అది పాకే తెగులు. తేమ లేకుండా సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో ఉంచాలి.

తర్వాత చట్టం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిధి మట్టిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నవి అందులో ఉండాలి. దాచిపెడితే మీకు రావలసిన వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు. పది రూపాయలంటే ఆ రోజుల్లో పెద్ద మొత్తమే, ఇప్పుడది ఒక టీ. అయినా చట్టంలో అంకె అదే. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికీ వస్తుంది, లైసెన్సు లేకుండా అలాంటివాటితో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. నాణెం గురించి తెలుసుకోవాలంటే విజయవాడలో బాపు మ్యూజియం, గుంటూరులో బౌద్ధశ్రీ మ్యూజియం ఉన్నాయి.

సీసపు నాణెం అయితే ఇంకొక్క మాట. అప్పగించేదాకా దాన్ని చెక్కపెట్టెలో గానీ అట్టపెట్టెలో గానీ ఉంచవద్దు. వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా మేలు. ఆ పొడి విషం, కనుక ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుని గానీ అన్నం దగ్గర కూర్చోకండి.