కేబుల్ తీయించేముందు డాబా మీది పాత డిష్‌ను పారేయకండి

సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఈమధ్యే కేబుల్ తీయించాం. డాబా మీద వాడకుండా పడున్న పాత డీటీహెచ్ డిష్‌నే దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సేవ అయిన డీడీ ఫ్రీ డిష్‌కి తిప్పుకున్నాం. దీనికి నెలవారీ చందా లేదు. ఎంపెగ్-4 ఫ్రీ టు ఎయిర్ బాక్స్, అంటే చందా లేని ఛానళ్లు చూపించే సెట్‌టాప్ బాక్స్, ఒక్కటి కొన్నాం.

అసలు పనంతా డిష్ తిప్పడంలోనే ఉంది. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. బెజవాడ నుంచైనా, గుంటూరు నుంచైనా ఆగ్నేయంగా, ఆకాశంలో దాదాపు 65 డిగ్రీల ఎత్తున అన్నమాట. డిష్ వంపు వల్ల అది అంత పైకి చూస్తున్నట్టు మాత్రం కనిపించదు, కంగారు పడకండి. నేను పైన బొటనవేలంత జరిపి ఆగేవాణ్ని. కింద టీవీ ముందు నాన్న ఫోన్లో, "క్వాలిటీ గీత లేచిందిరా, ఆపు!" అనేవారు. టీవీ తెర మీద సిగ్నల్‌కి రెండు గీతలు కనిపిస్తాయి; స్ట్రెంగ్త్ కాదు, ఆ క్వాలిటీ గీతే చూడాలి. నట్లు బిగించేటప్పుడు డిష్ మళ్లీ కదులుతుంది, అందుకని అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగించండి. ఆ వైపు కొబ్బరి మట్టలు అడ్డం లేకుండా చూసుకోండి.

సప్తగిరి వస్తుంది. సీరియళ్ల పెద్ద ఛానళ్లన్నీ రావు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పండి. అమ్మ కోసం మేం ఒక్క యాప్‌కి చందా కట్టాం. తెలుగు వార్తలు యూట్యూబ్ లైవ్‌లో ఉచితంగానే వస్తాయి. పాతకాలం చేపముల్లు యాంటెన్నా మాత్రం కొనకండి, దూరదర్శన్ ఆ అనలాగ్ ప్రసారాలను దాదాపుగా ఆపేసింది.