బైపీసీలో చేరే పిల్లలకు బయాలజీ పుస్తకం ఎంచుకోవడం ఎలా?

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మా పాప బైపీసీ తీసుకుంది. బయాలజీకి ఏ పుస్తకం కొనమంటారు?" హైదరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో 22 ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను. ఒకప్పుడు వెంటనే ఏదో ఒక పేరు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం లేదు. పాపను వెంటబెట్టుకుని కోఠీ వెళ్లండి, షాపులో అరగంట నిలబడి నేను చెప్పిన పేజీలు తెరిచి చూడండి అంటున్నాను. ఆ పేజీలు ఏవో, వాటిలో ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇంటర్ బోర్డు పరీక్షకు తెలుగు అకాడమీ బాటనీ, జువాలజీ పుస్తకాలు, నీట్‌కు ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల బయాలజీ ఎలాగూ ఉండాల్సిందే. వాటిలో ఎంచుకోవడానికి ఏమీ లేదు. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీవే, 720 మార్కుల్లో 360 అక్కడే. ఈ లెక్క విని టెన్షన్ పడి చాలామంది మొదటి వారంలోనే నాలుగైదు గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు కొనేస్తారు. నేను చెప్పేది వాటి సంగతి కాదు. క్లాసులో పాఠం అర్థం కాని రోజున పిల్లలు ఇంటికొచ్చి తమంతట తాము తెరిచి చదువుకునే పుస్తకం ఒకటి కావాలి. దాని గురించే నా మాటలన్నీ.

పదో తరగతి జీవశాస్త్రం పుస్తకాన్ని మాత్రం పరీక్షలవగానే పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి. పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, ఇవే పాఠాలు ఇంటర్‌లో పెద్దవై మళ్లీ వస్తాయి. కొత్త పుస్తకంలో ఒక పేజీ మింగుడు పడకపోతే పదో తరగతి పుస్తకంలో అదే విషయం చదివి రమ్మని నేను ఇప్పటికీ చెబుతాను.

కొన్నేళ్ల కిందట నేనొక తప్పు చేశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన ఒక అబ్బాయి అడిగితే, వెయ్యి పేజీలు దాటిన విదేశీ పుస్తకం పేరు చెప్పాను. అదంటే నాకు ప్రాణం. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, చేబదులు తీసుకుని మరీ కొన్నారు. దసరా సెలవుల తర్వాత ఆ పుస్తకం నా చేతికొచ్చింది. ప్రతి పేజీలో ఇంగ్లిష్ మాటల పక్కన పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకున్నాడు. పదకొండో పేజీ దగ్గర ఆ రాత ఆగిపోయింది. పుస్తకం మంచిదే, పిల్లాడూ కష్టపడేవాడే. చదివేది ఎవరో చూసుకోకుండా చెప్పడం నా తప్పు. అప్పటి నుంచి పేర్లు చెప్పడం మానేశాను.

షాపులో మొదట తెరవాల్సింది కిరణజన్య సంయోగక్రియ పాఠం. తెరిచే ముందు పాపను ఒక ప్రశ్న అడగండి. "చిన్న గింజ నుంచి ఇంత వేపచెట్టు అయింది కదా, ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" ఎక్కువమంది పిల్లలు "మట్టిలోంచి" అంటారు. బ్రస్సెల్స్‌కు చెందిన శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్‌కు ఇదే అనుమానం వచ్చింది. తొట్టిలో 200 పౌండ్ల ఎండు మట్టి తూచి పోసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్ల పాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది. మట్టి తగ్గింది దాదాపు రెండు ఔన్సులే. ఆయన చనిపోయాక 1648లో ఈ ప్రయోగం అచ్చయింది. బరువంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు. చెట్టులోని నీటిని పక్కన పెట్టి ఎండు బరువు చూస్తే అందులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందేనని తర్వాతి వాళ్లు తేల్చారు. ఇప్పుడు పాపను ఆ పాఠం చదవనివ్వండి. వాన్ హెల్మాంట్ పేరు అందులో ఉండాలని లేదు. చదివాక వేపచెట్టు ప్రశ్నకు తన మాటల్లో జవాబు చెప్పగలిగితే ఆ పుస్తకం కొనడానికి పక్కన పెట్టుకోండి. సమీకరణం ఒకటి రాసి, దాని కింద నిర్వచనం పెట్టి ముగించిన పుస్తకంతో ఈ జవాబు రాదు. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని నమ్మే పిల్లలు కూడా చాలామంది నా క్లాసులోకి వస్తారు. పగలూ రాత్రీ శ్వాసక్రియ జరుగుతూనే ఉంటుందని, పగలు కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించి జరగడం వల్ల మనకు కనిపించదని ఆ పుస్తకం విడమరిచి చెప్పిందా అన్నది కూడా చూడండి.

తర్వాత బొమ్మలు. రంగులు చూసి మోసపోవద్దు. గుండె బొమ్మ తీయండి. బొమ్మలో గుండె కుడి భాగం మనకు ఎడమ వైపు ఉంటుంది. ఆ మాట పుస్తకం చెప్పకపోతే పిల్లలు గుండె కింది గదులైన కుడి జఠరిక, ఎడమ జఠరిక తారుమారు చేసుకుంటారు. రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బాణం గుర్తులుండాలి. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనికి నీలం రంగు ఎందుకు వేశారో చెప్పాలి. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని బట్టీపట్టిన పిల్లలు అక్కడే తికమకపడతారు. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని అన్న ఒక్క వాక్యంతో ఆ చిక్కు విడిపోతుంది. బొమ్మల పక్కన కొలత ఉందా అన్నదీ ముఖ్యమే. మన ఎర్ర రక్తకణం ఏడెనిమిది మైక్రోమీటర్లు, ఇ. కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు రెండు, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సుమారు 0.1. మూడింటినీ ఒకే సైజులో గీసి కొలత ఇవ్వకపోతే పిల్లల తలలో అవి మూడూ సమానంగానే ఉండిపోతాయి.

మూడో పేజీ నా సొంత ఇష్టం, ఈ ఊరి వాళ్లందరినీ చూడమంటాను. మలేరియా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ ఒక దోమ పొట్ట కోసి, జీర్ణాశయం గోడ మీద మలేరియా పరాన్నజీవి గుండ్రటి కణాలను చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా ఎలా చేరుతుందో నిరూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ పరాన్నజీవి పేరు ప్లాస్మోడియం, దాని జీవితచక్రాన్ని చాలా పుస్తకాలు పేర్ల వరుసగా ఇస్తాయి, పిల్లలు వాటిని తాయెత్తులా కట్టుకుని పరీక్ష రాసేస్తారు. మంచి పుస్తకం ప్రతి దశలో పరాన్నజీవి ఎక్కడుందో, అక్కడేం చేస్తోందో చెబుతుంది. కాలేయంలోనా, ఎర్ర కణంలోనా, దోమ పొట్టలోనా? మనకు వణుకు, జ్వరం వచ్చేది ఎర్ర కణాలు పగిలినప్పుడని ఆ పేజీ చదివాక పాపకు తెలియాలి.

పుస్తకం పాతదో కొత్తదో పట్టుకోవడం తేలిక. నాలుక కొసన తీపి, వెనక చేదు అని పటం గీసి ఉంటే పక్కన పెట్టేయండి, ఆ పటం తప్పు. మనిషి జన్యువులు లక్ష అని రాసి ఉన్నా అంతే. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఎడిషన్ సంవత్సరం తప్పకుండా చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలను తగ్గించినప్పుడు 11వ తరగతిలో 22 అధ్యాయాలు 19 అయ్యాయి, 12వ తరగతిలో 16 కాస్తా 13 అయ్యాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాతది ఉన్నా నష్టం లేదు, కొత్త సిలబస్ పక్కన పెట్టుకుని చదవాలి. నకిలీ ప్రింట్లు మాత్రం వద్దు. బొమ్మల మీది పేర్లు అలుక్కుపోయి ఉంటాయి.

భాష సంగతి. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారే పిల్లలు నాకు బాగా దగ్గర, నేనూ అలాగే చదివాను. వాళ్లకు అకాడమీ పుస్తకం రెండు మీడియాలలోనూ తీసుకోమంటాను. ఆస్మాసిస్ అన్న మాట ఎదురైతే ద్రవాభిసరణ పేజీ తెరిచి, రెండూ చదివి, నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకోవాలి. రోజుకు పది మాటలు చాలు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు కాబట్టి తెలుగు మాటలు వృథా పోవు. కొత్తగా కొనే పుస్తకంలో చివర పదకోశం ఉంటే దానికి నేను అదనంగా మార్కులు వేస్తాను.

డబ్బు ఇబ్బందైతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో కూర్చుని రెండు మూడు పుస్తకాల్లో ఒకే పాఠం చదివి చూడొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు వాళ్ల సైట్‌లోనే ఉచితం. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో బయాలజీ పుస్తకాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి, ఇంగ్లిష్ కాస్త అలవాటైన పిల్లలకు పనికొస్తాయి.

కిందటేడు మలక్‌పేట నుంచి ఒక తల్లీకూతుళ్లు నా మాట విని కోఠీ వెళ్లారు. తల్లికి దళసరి అట్ట, రంగుల బొమ్మల పుస్తకం నచ్చింది. అమ్మాయి రెండు పుస్తకాల్లోనూ ద్రవాభిసరణ పేజీ చదివి, పుస్తకం మూసి, నీళ్లలో వేసిన ఎండుద్రాక్ష ఎందుకు ఉబ్బుతుందో వాళ్లమ్మకు చెప్పి చూసింది. రంగుల పుస్తకం చదివాక "నీళ్లు లోపలికి వెళ్తాయి" దగ్గర ఆగిపోయింది. రెండోది సన్నది, నలుపు తెలుపు బొమ్మలది, సగం ధర. అది చదివాక ద్రాక్ష లోపల చక్కెర ఎక్కువని, పైపొర నీటిని పోనిస్తుంది కానీ చక్కెరను అంత తేలిగ్గా పోనివ్వదని, అందుకే నీళ్లు లోపలికి చేరుతాయని పూర్తిగా చెప్పింది. వాళ్లమ్మ అక్కడి నుంచే ఫోన్ చేసి, "మేడమ్, ఈ సన్నదే తీసుకుంటున్నాం" అన్నారు. బిల్లు దాచిపెట్టుకోమని, పదిహేను రోజుల్లో మార్చుకునే వీలుందేమో షాపులో అడగమని చెప్పి ఫోన్ పెట్టేశాను.