ఇంటి దగ్గరే ఇంగ్లిష్ – 9వ పాఠం: ఎప్పటి నుంచి చేస్తున్నావు?

పోయిన పాఠంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్ ('ఐ హ్యావ్ డన్' లాంటివి) చూశాం. ఈసారి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్, అంటే ఎప్పటి నుంచో సాగుతున్న పనిని చెప్పే రూపం. రూపం తేలికే: ఐ, యు, వి, దే పక్కన 'హ్యావ్ బీన్', హి, షి, ఇట్ పక్కన 'హ్యాజ్ బీన్', ఆ వెనక 'ఇంగ్' చేరిన క్రియ. ఎక్కడ వాడాలన్నదే అసలు సంగతి.

నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం నిలబడ్డారనుకోండి. "బస్సు కోసం చూస్తున్నా" అన్నా, "ఆరింటి నుంచి చూస్తున్నా" అన్నా మనకు క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మొదటిదానికి "ఐ యామ్ వెయిటింగ్" చాలు. రెండోదానిలో ఎప్పటి నుంచో చెప్పేశాం కనుక 'యామ్' తీసేయాలి: "ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ సిక్స్ ఓ క్లాక్."

ఇంటర్వ్యూల్లో మన పిల్లలు "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" అంటుంటారు. ఎంత పని తెలిసినవాళ్లయినా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటే నాకు బాధేస్తుంది. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్" అనాలి. గడిచిన కాలమైతే 'ఫర్', మొదలైన సమయమైతే 'సిన్స్'. నాగార్జున సాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు, ఇప్పటికీ పారుతున్నాయి: "ద సాగర్ కెనాల్స్ హ్యావ్ బీన్ క్యారియింగ్ వాటర్ సిన్స్ 1967."

ఇప్పుడు బత్తాయి తోటలోకి వద్దాం. పొద్దున్నే కోత మొదలైంది, చెట్ల కింద కాయలు కుప్పలు పడ్డాయి, కోత ఇంకా సాగుతోంది. "వి హ్యావ్ బీన్ పికింగ్ బత్తాయిస్ ఫర్ త్రీ అవర్స్." ఇంతలో వ్యాపారి వచ్చి ఎన్ని బస్తాలైనయని అడిగాడు. అప్పుడు "వి హ్యావ్ పిక్డ్ ఫార్టీ బ్యాగ్స్" అనాలి. ఎంతసేపటి నుంచి అని అడిగితే 'బీన్', 'ఇంగ్' రెండూ కావాలి. ఎన్ని అయ్యాయని అడిగితే రెండూ వద్దు.

పని అప్పుడే ఆగినా, దాని గుర్తు కనబడుతుంటే ఇదే రూపం. బట్టల నిండా మట్టితో ఇంటికొచ్చిన పిల్లాడు "ఐ హ్యావ్ బీన్ ప్లేయింగ్ కబడ్డీ" అంటాడు.

తెలిసి ఉండటం, ఇష్టపడటం, సొంతంగా కలిగి ఉండటం లాంటివాటికి 'ఇంగ్' చేర్చకండి. "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్" అంతే.

ఇవి ఇంగ్లిష్‌లో రాయండి: మా అన్న మూడేండ్ల నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేస్తున్నాడు. ఆమె ఈ నెలలో ఐదు చీరలు నేసింది. పాప రెండింటి నుంచి నిద్రపోతోంది. వాళ్లకు మా నాన్న చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ నాలుగు వాక్యాల్లో రెండు వాక్యాలకు 'ఇంగ్' రాదు. ఏవో, ఎందుకో పక్కనే రాసుకోండి. జవాబులు 10వ పాఠంలో.